టికెట్ డబ్బులు పోతాయని గొడవల మధ్యకి వెళ్ళకండి

"అక్కడ గొడవలు జరుగుతున్నాయట, టికెట్లు ముందే కొనేశాం, వెళ్ళొచ్చంటారా?" అని ఎవరడిగినా వెంటనే ఒక జవాబు వస్తుంది: "ఏం కాదులే, టూరిస్టుల జోలికి ఎవరూ రారు." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆందోళన చేసేవాళ్ళకి మనమీద కోపం ఉండదు, నిజమే. కానీ రోడ్డు మూస్తే మనకీ మూసినట్టే. 2025 సెప్టెంబర్‌లో ఖాట్మండూ సంగతే తీసుకోండి. 4వ తేదీన ప్రభుత్వం సోషల్ మీడియాని ఆపేసింది. 8న యువత రోడ్డెక్కింది, దేశంలో ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. 9న ప్రధాని ఓలీ రాజీనామా చేశారు, పార్లమెంటు తగలబడింది, హిల్టన్ హోటల్ తగలబడింది, విమానాశ్రయం మూతపడింది. 7న అక్కడ దిగినవాళ్ళకి ఇదంతా ఊహకైనా వచ్చి ఉంటుందా?

అందుకే నేను ఒకటే అడుగుతాను. విమానాలు ఆగిపోతే వారం రోజులు ఒకే గదిలో గడపగలరా? బీపీ మాత్రలు అన్ని రోజులకి సరిపోతాయా? చేతిలో నగదు ఉందా? 2024 జూలైలో బంగ్లాదేశ్‌లో కర్ఫ్యూ పెట్టారు, మొబైల్ ఇంటర్నెట్ పది రోజులు లేదు. నెట్ లేకపోతే ఫోన్‌లో ఉన్న డబ్బు ఉన్నా లేనట్టే. చిన్నపిల్లలతోనో, పెద్దవాళ్ళతోనో వెళ్ళేవాళ్ళయితే నా మాట ఒక్కటే, ఇప్పుడు వద్దు.

చాలామందిని ముందుకి తోసేది ధైర్యం కాదు, కట్టేసిన డబ్బు. ఆ బాధ నాకు తెలుసు. భయమేసి మానుకున్నామంటే ఇన్సూరెన్స్ మామూలుగా పైసా ఇవ్వదు. గొడవలు మొదలయ్యాక కొన్న పాలసీ ఆ గొడవలకి సాధారణంగా పనికిరాదు. వెళ్ళొద్దని మన ప్రభుత్వం చెప్పాక వెళ్తే చాలా పాలసీలు అసలే చెల్లవు. అందుకని తొందరపడి మీరే క్యాన్సిల్ చేయకండి. ముందు తేదీ మార్చమని అడగండి. విమానం వాళ్ళే రద్దు చేస్తే మామూలుగా డబ్బు వెనక్కి వస్తుంది.

నేనూ ఒకసారి సూట్‌కేసు సగం సర్దుకుని, వెళ్ళాలా వద్దా అని రాత్రంతా టెన్షన్ పడ్డాను. గది బుక్ చేసిన చోట ఫోన్ చేస్తే ఓనరు గారు "ఇక్కడంతా ప్రశాంతంగా ఉంది, రండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, ఆ గదుల మీదే ఆయన ఇల్లు గడవాలి. ఎందుకో నోటికొచ్చి అడిగాను, "మీ పిల్లలు స్కూలుకి వెళ్తున్నారా?" అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నాలుగు రోజుల నుంచి పంపట్లేదండీ" అన్నారు. తేదీ మార్చుకున్నాను.

అలాగని ఆ దేశాన్నే వదిలేయమంటే నేను ఒప్పుకోను. 2022లో శ్రీలంకలో పెట్రోలు కోసం జనం రోజుల తరబడి క్యూల్లో నిలబడ్డారు, అధ్యక్షుడు దేశం విడిచి వెళ్ళిపోయారు. పరిస్థితి కుదుటపడ్డాక కూడా మనం వెళ్ళకపోతే నష్టపోయేది అక్కడి డ్రైవరూ, వంటమనిషీ. గొడవలకి కారణం వాళ్ళు కాదు కదా.

ఆ ఓనరు గారు నా అడ్వాన్సుని కొత్త తేదీకి మార్చి ఉంచారు. కొన్ని వారాల తర్వాత ఆయనే మెసేజ్ పెట్టారు, స్కూళ్ళు తెరిచారని.