నీలం సంజీవరెడ్డిది అదృష్టమేనా? వాట్సాప్ కథకు జవాబు

మే 19న నీలం సంజీవరెడ్డి జయంతి, జూన్ 1న వర్ధంతి. ఆ రోజులు దగ్గర పడితే చాలు, కర్నూలు, అనంతపురం, కడప గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇంతే: "ఇల్లూరు భూస్వామి కొడుకు. జైలు ముఖం చూడకుండానే సమరయోధుడు అనిపించుకున్నాడు. ఓటమి ఎరగడు, అంతా అదృష్టం. ఇందిరాగాంధీ దయతో రాష్ట్రపతి అయ్యాడు. బస్సుల కేసులో లంచం తిని ముఖ్యమంత్రి కుర్చీ పోగొట్టుకున్నాడు. సీమకు చేసింది సున్నా. కర్నూలు రాజధానిని హైదరాబాదుకు అమ్మేశాడు."

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూడా దీన్ని నిజమనుకుని షేర్ చేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను. సంజీవరెడ్డిని గట్టిగా నిలదీయాల్సిన విషయాలు ఉన్నాయి. ఈ మెసేజ్ రాసినవాళ్లు వాటి జోలికే పోలేదు.

మొదట జైలు సంగతి. ఆయన కలిగిన ఇంట్లోనే పుట్టారు, అది నిజం. మద్రాసు అడయారులోని థియోసాఫికల్ హైస్కూల్లో, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం వచ్చి వెళ్లాక ఆ కుర్రాడి మనసు చదువు మీద నిలవలేదు. 1931లో కాలేజీ మానేసి ఉద్యమంలోకి దూకారు. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ కార్యదర్శి అయ్యేనాటికి పాతికేళ్లు. ఇక 1940 నుంచి 1945 దాకా ఎక్కువ కాలం గడిచింది జైల్లోనే. 1942 మార్చిలో వదిలారు, ఆగస్టులో మళ్లీ పట్టుకెళ్లి అమరావతి జైల్లో పెట్టారు. అది మన గుంటూరు పక్కనున్న అమరావతి కాదు, విదర్భలోది. అక్కడ తోటి ఖైదీలు ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి.గిరి. జైలు ముఖం చూడలేదని రాసినవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పాలి?

"ఓటమి ఎరగడు" అన్న మాట పొగడ్తలా కనిపిస్తుంది గానీ, నాకు బాధ కలిగించేది ఇదే. ఆయన పడి లేచిన తీరంతా ఈ ఒక్క ముక్క మింగేస్తుంది. స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికల్లోనే సొంతగడ్డ అనంతపురంలో ఓడిపోయారు. ఓడించింది ఎవరో కాదు, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, స్వయానా ఆయన బావమరిది! అప్పటికి సంజీవరెడ్డి మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా పనిచేసిన మనిషి, ఎన్.జి.రంగాను ఓడించి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడైన మనిషి. అయినా ఓటరు కాదన్నాడు. 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడారు. 1971లో లోక్‌సభకు నిలబడి మళ్లీ ఓడారు. ఆ తర్వాత అనంతపురం వచ్చి సేద్యం చూసుకున్నారు. ఆయన పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

1975 మే నెలలో హైదరాబాదులో, ఇందిరాగాంధీ ప్రభుత్వం మీద ఉద్యమం నడుపుతున్న జయప్రకాశ్ నారాయణ్ సభ వేదిక మీద మళ్లీ కనిపించారు. 1977లో ఇందిరకు ఎదురు నిలిచిన జనతా పార్టీ అభ్యర్థిగా నంద్యాలలో నిలబడ్డారు. ఉత్తరాదిలో జనతా గాలి ఊపేసింది నిజమే. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో మాత్రం ఆ గాలి సోకనే లేదు: 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. ఎదురుగాలిలో రాష్ట్రమంతటా ఒక్కడే గెలిచి వస్తే దాన్ని అదృష్టమంటే ఎలా? నంద్యాల ఓటర్లు ఆలోచించి వేసిన ఓటును కూడా ఆ మాట చిన్నబుచ్చుతోంది.

ఇందిర దయతో రాష్ట్రపతి అయ్యారన్నది పూర్తిగా తలకిందులు. 1969 మేలో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశాక కాంగ్రెస్ తన అధికారిక అభ్యర్థిగా సంజీవరెడ్డిని నిలబెట్టింది. పార్టీలోని పెద్దల వర్గం ఎంపిక అది, ఇందిరకు ఇష్టం లేదు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమని ఆవిడ పిలుపునిచ్చారు. స్వతంత్రుడిగా నిలిచిన వి.వి.గిరి గెలిచారు. ఒకే జైల్లో ఉన్న ఆ గిరే! తొలి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. దీని వెనకే కాంగ్రెస్ రెండుగా చీలింది. పోటీ చేయడం కోసం లోక్‌సభ స్పీకర్ పదవి వదులుకున్న మనిషికి చేతికి ఏమీ మిగల్లేదు. 1967లో స్పీకర్ అయినప్పుడు, ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఏ పార్టీ మనిషీ కాకూడదని కాంగ్రెస్ సభ్యత్వానికే రాజీనామా ఇచ్చారు. ఈ కాలంలో అలాంటి స్పీకర్‌ను చూపించండి. 1977లో ఆయన రాష్ట్రపతి అయింది ఇందిర ఓడిపోయి, జనతా ప్రభుత్వం వచ్చాక. 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరణకు గురయ్యాయి, ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

ఇప్పుడు బస్సుల కేసు. ఇది మన కర్నూలు జిల్లా కథ కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ఆయన రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలో ప్రైవేటు బస్సు రూట్లను ఆర్టీసీకి అప్పగించే స్కీము తెచ్చారు. ఆ రూట్లలో బస్సులు నడిపేవాళ్లలో ఆయన రాజకీయ ప్రత్యర్థులు ఉన్నారు. మమ్మల్ని దెబ్బతీయడానికే వేరే జిల్లాల కంటే ముందు మా ప్రాంతాన్ని ఎంచుకున్నారని ఓనర్లు కోర్టుకెక్కారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆరోపణ నేరుగా ముఖ్యమంత్రి మీద ఉన్నా ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి కాదనలేదు. 1964 మొదట్లో కోర్టు స్కీమును కొట్టేసింది, దాని వెనక దురుద్దేశం ఉందన్న వాదనను అంగీకరించింది. ఆ ఫిబ్రవరిలోనే సంజీవరెడ్డి రాజీనామా చేశారు.

ఈ కేసులో లంచం మాటే లేదు. డబ్బు చేతులు మారిందని ఎవరూ అనలేదు. అలాగని ఆయన తప్పు చేయలేదని నేనూ అనను. ప్రత్యర్థుల మీద కక్షకు ప్రభుత్వ అధికారాన్ని వాడారన్న మాట చిన్నది కాదు, ఆ మచ్చ ఆయన పేరు మీద ఉంటుంది. కానీ తీర్పు వచ్చాక కుర్చీ పట్టుకుని వేలాడలేదన్నది కూడా అంతే నిజం. రెండూ కలిపి చెబితేనే నిజం చెప్పినట్టు.

సీమకు సున్నా అన్న లెక్క కూడా తప్పే. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ముఖ్యమంత్రి ఈయనే, తర్వాత దానికి ఆయన పేరే పెట్టారు. అయితే అది మొదట కరెంటు ప్రాజెక్టుగా మొదలైంది. సీమ పొలాలకు నీళ్ల కోసం ఆ తర్వాత ఎన్నేళ్లు కొట్లాడాల్సి వచ్చిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 1981లో మన జిల్లా ముంపు గ్రామాల వాళ్లను బలవంతంగా ఖాళీ చేయించిన పాపం అప్పటి రాష్ట్ర ప్రభుత్వానిది, అప్పుడు ఈయన ఢిల్లీలో రాష్ట్రపతి.

చివరగా రాజధాని. 1937 నవంబరులో మద్రాసులో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని, హైకోర్టు, ఈ రెండింట్లో ఒకటి రాయలసీమకు రావాలి. 1953లో మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని సీమకే రావాలని పట్టుబట్టినవారిలో సంజీవరెడ్డి ముందున్నారు. అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది, డేరాల్లో ఆఫీసులు నడిచాయి. హైకోర్టు గుంటూరుకు పోయింది. ఆంధ్రను, తెలంగాణను ఒకే రాష్ట్రంగా కలపడానికి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజులతో పాటు ఈయనా సంతకం పెట్టారు. నలుగురు కలిసి చేసిన పనిని ఒక్కడు అమ్మేశాడనడం అన్యాయం. పైగా విశాలాంధ్ర, అంటే తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం కావాలన్నది ఆనాడు కోస్తాలోనూ సీమలోనూ చాలామంది కోరిక.

కానీ ఆయన్ని అడగాల్సింది కూడా ఇక్కడే ఉంది. ముఖ్యమంత్రి ఆంధ్ర మనిషైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణ నుంచి ఉండాలని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. అలా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యాక సంజీవరెడ్డి ఆ ఉప ముఖ్యమంత్రి పదవిని అక్కర్లేని ఆరో వేలు అని తీసిపారేసి ఎవరినీ వేయలేదు. అంతకు ముందు ఆంధ్ర రాష్ట్రంలో తానే ఉప ముఖ్యమంత్రిగా పనిచేశారు! తెలంగాణకు రాసిచ్చిన మాటే ఆయన నిలబెట్టుకోలేదు. ఇక ఆ కాగితంలో సీమ కోసం రాసుకున్న రక్షణే లేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, హైకోర్టూ అక్కడికే పోయింది. 1953లో కర్నూలు కోసం అంత పట్టుబట్టిన మనిషి, 1956లో హైకోర్టునైనా సీమకు ఇవ్వాలని ఎందుకు రాయించలేదు?