ఆ బిడ్డ చేత ఎన్నిసార్లు చెప్పిస్తారు?

పిల్లలపై లైంగిక వేధింపుల కేసు బయటపడగానే చర్చంతా శిక్ష చుట్టూ తిరుగుతుంది. ఉరా, యావజ్జీవమా అని గొంతులు చించుకుంటాం. ఆ బిడ్డకు మర్నాడు ఎలా తెల్లవారిందో పట్టించుకునే నాథుడుండడు.

ఒక పిల్లాడు ముందు అమ్మకు చెప్పాడనుకుందాం. తర్వాత నాన్నకు, టీచర్‌కు, పోలీసుకు, డాక్టర్‌కు, లాయర్‌కు చెప్పాలి. ఆఖరికి జడ్జికి. ఏడో మనిషి ముందుకొచ్చేసరికి తలెత్తడు. చొక్కా గుండీ మెలితిప్పుతూ "చెప్పాను కదా" అంటాడు. ఒకచోట రాత్రి అన్నది మరోచోట సాయంత్రమవుతుంది. అడిగిందే మళ్లీ అడిగితే, ముందు చెప్పింది తప్పేమోనని పిల్లలు జవాబు మార్చేస్తారు. నిందితుడి లాయర్‌కు ఆ తేడా చాలు. "అప్పుడలా అన్నావు, ఇప్పుడిలా అంటున్నావే?" బిడ్డను ఇంతగా నలిపే పద్ధతే చివరికి నేరస్తుణ్ని గట్టెక్కిస్తోంది. నా కోపమంతా దీని మీదే.

దీనికి దారి ఎప్పుడో దొరికింది. అమెరికాలోని హంట్స్‌విల్‌లో 1985లో మొదలైన పిల్లల కేంద్రాన్ని చూసి, ఐస్‌లాండ్ 1998లో 'బార్నహూస్' తెరిచింది. అంటే పిల్లల ఇల్లు. చూడ్డానికీ ఇల్లులాగే ఉంటుంది. శిక్షణ పొందిన ఒకే మనిషి బిడ్డతో మాట్లాడతారు. జడ్జి, పోలీసులు, ఇరుపక్షాల లాయర్లు పక్క గదిలో తెర మీద చూస్తారు. ఆ రికార్డింగే సాక్ష్యం. వైద్య పరీక్షా, మానసిక చికిత్సా ఆ కప్పు కిందే. వ్యవస్థ బిడ్డ దగ్గరికి నడిచి రావడమంటే ఇదీ.

నిందితుడికీ హక్కులుంటాయి కదా అంటారు. ఉంటాయి. అక్కడ అతని లాయర్ కూడా ప్రశ్నలు వేయించవచ్చు, బిడ్డతో మాట్లాడే ఆ మనిషి ద్వారా. ఖర్చు సంగతా? అప్పటికి మూడు లక్షల జనాభా కూడా లేని దేశమే దాన్ని భరించింది.

అసలా బిడ్డ మొదటిసారి నోరు విప్పడానికే అన్నాళ్లెందుకు పట్టింది? ఇలాంటి నేరాల్లో ఎక్కువ శాతం తెలిసినవాళ్ల పనే. ఆ తెలిసినవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేర్పింది మనమే. ఫలానా ఆయన ఒళ్లో కూర్చోనని పిల్ల బిగుసుకుపోతే, "తప్పు, పెద్దాయన ఏమనుకుంటాడు" అని ముందుకు నెట్టింది మన చేతులే. విధేయతకు మనం ఇచ్చే మార్కులు నేరస్తుడికి పెట్టుబడి. పిల్ల "వద్దు" అంటే ఆ పూటకు ఆగిపోవడం ప్రతి ఇంట్లో మొదలవ్వాలి.

ఇక బిడ్డ ఎవరికి ముందు చెబితే వాళ్ల మీద పెద్ద భారమే ఉంటుంది. "నమ్ముతున్నా, తప్పు నీది కాదు" అనాలి. విన్న మాటలు విన్నట్టే రాసిపెట్టుకుని, ఆ రోజే ఫిర్యాదు చేయాలి. గుచ్చి గుచ్చి అడగొద్దు. ఇరుగుపొరుగుకు చెప్పొద్దు. రేపు ఆ పిల్లాడు ఎప్పటిలాగే ఆటకొస్తే జట్టులో చోటుండాలి. "ఏం జరిగింది నాన్నా?" అని ఇంకొకరు అడగకూడదు.