ఆ కాగితం చెల్లదు

ఫ్యాక్టరీలో మనిషి చనిపోతే మన శ్రీకాకుళం జిల్లాలో పోస్టుమార్టం పూర్తి కాకముందే బేరం మొదలవుతుంది. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల వైపైనా, టెక్కలి గ్రానైట్ క్వారీల వైపైనా నేను చూసిన తంతు ఇదే. కాంట్రాక్టర్ వస్తాడు, ఊరి పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు, ఏదో ఒక అంకె దగ్గర తెగ్గొడతారు, ఏడుస్తున్న భార్య చేత వేలిముద్ర వేయిస్తారు.

మా బంధువుల ఇంట్లో అలాంటి కాగితం ఒకటి చదివాను. వంద రూపాయల స్టాంపు పేపరు. యాజమాన్యం మానవతా దృక్పథంతో ఇచ్చిన మూడు లక్షలు ముట్టాయనీ, ఇకమీదట తాను గానీ తన వారసులు గానీ ఎలాంటి కేసూ వేయబోమనీ టైపు చేసి ఉంది. పోయినవాడికి ముప్ఫై ఏళ్లు. మానవతా దృక్పథం అన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది. అది వాళ్లు పడ్డ బాకీ! దానం చేసినట్టు రాసుకుంటారా?

లెక్క చెబుతాను. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో హెచ్చవేయాలి. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. జీతం 15,000 అయితే వచ్చేది 15,59,850 రూపాయలు. గాయమైతే జీతంలో సగం కాదు, 60 శాతం మీద లెక్క కడతారు; అదే వయసు, అదే జీతం ఉన్నవాడికి చేతి బొటనవేలు పూర్తిగా తెగిపోతే 30 శాతం నష్టం కింద 5,61,546 రావాలి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా సాగదీస్తే అసలులో సగం దాకా పెనాల్టీ. ఇది 1923 నాటి పరిహార చట్టం చెప్పిన లెక్క. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు అలాగే ఉంది. ఈఎస్ఐ కట్టేవాళ్లకు మాత్రం దారి వేరు, వాళ్లకు డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది.

పరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా చట్టం ముందు అది చెల్లదు. చావు కేసులో పరిహారాన్ని సంబంధిత అధికారి దగ్గరే జమ చేయాలి. ఇంటికొచ్చి చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద చెల్లినట్టు కాదు. అయినా సంతకం పెట్టేశాం కదా అని కుటుంబాలు నోరు మూసుకుంటున్నాయి.

"వాడు మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి" అంటారు. కంపెనీ పనిలో ఉండగా దెబ్బ తగిలితే ముందు కంపెనీయే కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. "తాగి ఉన్నాడు" అంటారు. ప్రాణం పోయిన కేసులో ఆ సాకు పనికిరాదు.

ఆడవాళ్ల విషయంలో రాజీ ఇంకా అన్యాయంగా జరుగుతోంది. జీడిపప్పు షెడ్డులో జీడి నూనెకు వేళ్లు కాలి నల్లబడ్డ ఆడపిల్ల సూపర్‌వైజర్ తన ఒంటి మీద చేతులు వేస్తున్నాడని ఫిర్యాదు చేస్తే, "పరువు పోతుందమ్మా, ఇంతో అంతో తీసుకుని ఊరుకో" అని నచ్చజెబుతారు. పరువు పోవాల్సింది ఎవరికి? పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం ఇలాంటి ఫిర్యాదులో డబ్బుతో రాజీ కుదర్చనే కూడదు. పదిమంది పనిచేసే ప్రతి చోటా ఈ ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, లేకపోతే యజమానికి 50,000 దాకా జరిమానా. పదిమందికన్నా తక్కువున్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు. గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు ఇస్తారు.

బేరానికి కూర్చునే పెద్దలకు చేతులెత్తి దండం పెట్టి అడుగుతున్నాను. మీ మాట మీద నమ్మకంతోనే ఆ తల్లి వేలు వేస్తోంది. అంకె చెప్పే ముందు లేబర్ ఆఫీసులో ఒక్కసారి లెక్క కట్టించండి. ఇప్పటికే వేలిముద్ర వేసినవాళ్లు మీ ఊళ్లో ఉంటే, ప్రమాదం జరిగి రెండేళ్లు దాటకముందే వాళ్లను అక్కడికి తీసుకెళ్లండి. గేట్ పాస్, జీతం పడ్డ మెసేజ్‌లు, ఆస్పత్రి కాగితాలు, ఎఫ్ఐఆర్ కాపీ, ఆ స్టాంపు పేపరు అన్నీ పట్టుకెళ్లండి.