సీటు రాని విద్యార్థికి లెక్క చూపాలి

ప్రవేశాలన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయని కళాశాల చెప్పుకోవడం తేలిక. అవి నిజాయితీగా జరిగాయని సీటు రాని విద్యార్థి చేత అనిపించుకోవడం కష్టం. మొదటిదానికి ప్రకటన, గడువు తేదీ, నిర్ణీత నమూనాలో నివేదిక, నియంత్రణ సంస్థ ఆమోదం ఉంటే చాలు. రెండోదానికి ఒక్కో సీటు ఏ ప్రాతిపదికన ఎవరికి దక్కిందో, నిర్ణయం జరిగిన రోజునే రాసిపెట్టిన రికార్డు ఉండాలి. అడిగిన అభ్యర్థికి తన వరకు దాన్ని చూపగలగాలి. గత రెండు దశాబ్దాల్లో వేర్వేరు దేశాల్లో బయటపడిన ప్రవేశాల కుంభకోణాల్లో పేరుమోసినవి నిబంధనలు లేనిచోట జరిగినవి కావు. నిబంధనలు పుస్తకాల్లో ఉండగానే, దాఖలు చేయవలసిన కాగితాలన్నీ దాఖలవుతుండగానే జరిగినవి.

జపాన్‌లో 2018లో వెలుగుచూసిన టోక్యో వైద్య విశ్వవిద్యాలయం ఉదంతం ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. విద్యాశాఖ ఉన్నతాధికారి ఒకరు తన కుమారుడికి సీటు ఇప్పించుకుని, ప్రతిగా ఆ విశ్వవిద్యాలయానికి ప్రభుత్వ నిధుల పథకంలో మేలు చేశారన్న ఆరోపణపై దర్యాప్తు మొదలైంది. దాని వెంటే, అంతకంటే పెద్ద అన్యాయం బయటపడింది. ఆ ఏటి రెండోదశ పరీక్షలో వందకు వేసిన వ్యాస మార్కులను ముందుగా అందరికీ 0.8తో గుణించి తగ్గించారు. ఆ తర్వాత మొదటిసారి రాస్తున్న యువకులకు, సీటు రాక ఒకటి రెండేళ్లు మాత్రమే వెనకబడి మళ్లీ రాస్తున్న యువకులకు 20 మార్కులు కలిపారు. మూడేళ్లు వెనకబడినవారికి 10 కలిపారు. అమ్మాయిలకు, నాలుగేళ్లు లేదా అంతకు మించి వెనకబడిన యువకులకు ఏమీ కలపలేదు. లెక్క కట్టి చూస్తే, 75 మార్కుల జవాబు రాసిన యువకుడికీ, నూటికి నూరు తెచ్చుకున్న యువతికీ చివరికి మిగిలినవి సమానంగా 80 మార్కులే. పరీక్ష సమయానికే జరిగింది, ఫలితాలు జాబితా ప్రకారమే వచ్చాయి. తమ మార్కులు ఏ దశలో ఎలా మారాయో తెలుసుకునే దారి లేని ఆ అమ్మాయిలు, తామే సరిగా చదవలేదేమోనని ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ఆ తర్వాత ప్రభుత్వం దేశంలోని 81 వైద్య విద్యాసంస్థలనూ పరిశీలిస్తే, మరికొన్నింటిలోనూ అభ్యర్థుల పట్ల అనుచిత వివక్ష కనిపించింది.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఒకటుంది. ఈ కొలతను ఎవరో ఒక ఉద్యోగి రహస్యంగా పాడుచేయలేదు, సంస్థే దాన్ని తయారు చేసుకుంది. అభ్యర్థికి తాను రాసినదానికి పడిన అసలు మార్కులను, తుది మార్కులను పక్కపక్కన చూసుకునే హక్కు ఉండి ఉంటే ఇటువంటి ఏర్పాటు ఒక్క సంవత్సరం కూడా నిలిచేది కాదు.

అమెరికాలో 2019 మార్చి 12న బోస్టన్‌లోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు వెల్లడించిన కేసు మరో రకం బలహీనతను చూపింది. విలియం రిక్ సింగర్ అనే సలహాదారు సంపన్న కుటుంబాల నుంచి డబ్బు తీసుకుని, దాన్ని ధార్మిక సంస్థకు ఇచ్చిన విరాళంగా చూపి, వారి పిల్లలను పేరున్న విశ్వవిద్యాలయాల్లోకి దొడ్డిదారిన పంపించాడు. కొందరికి ప్రవేశ పరీక్షల్లో మార్కులు దిద్దించారు. ఆటలో ప్రవేశమే లేని మరికొందరిని క్రీడాకారులుగా చూపించారు, అందుకోసం ఎవరో ఆడుతున్న ఫోటోకు విద్యార్థి ముఖం అతికించిన సందర్భాలూ ఉన్నాయి. శిక్షకుడు సిఫారసు చేశాడు, ప్రవేశాల విభాగం ఆమోదించింది, ఫైలు పూర్తయింది. ఆ విద్యార్థి నిజంగా ఆడతాడా అని ఏ జట్టునో, ఏ పోటీ రికార్డునో అడిగినవారు దాదాపు లేరు. కేసు వెల్లడైన రోజునే 50 మందిపై అభియోగాలు నమోదయ్యాయి. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. ఈ కేసు బయటపడిన మరుసటి ఏడాదే, 2020లో, కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కనీసం 64 మందికి పలుకుబడి, పరిచయాల ఆధారంగా అనుచితంగా సీట్లు దక్కాయని తేల్చారు. అంటే ఇది ఒక దళారి చాకచక్యంతో ముగిసిపోయే సంగతి కాదు.

పలుకుబడి ఎప్పుడూ డబ్బు సంచితోనే రాదు. అమెరికాలోనే ఇలినాయి విశ్వవిద్యాలయంలో రాజకీయ నాయకులు, పాలకమండలి సభ్యులు సిఫారసు చేసిన విద్యార్థుల కోసం ప్రత్యేక జాబితా నడుస్తున్నదని 2009లో ఒక పత్రిక బయటపెట్టింది. అక్కడి సమాచార హక్కు చట్టం కింద సంపాదించిన పత్రాలే దానికి ఆధారం. విశ్వవిద్యాలయ అధ్యక్షుడు, ఛాన్సలర్ పదవులు వదులుకోవలసి వచ్చింది. పైనుంచి వచ్చే ఫోన్‌కు ఎదురుచెప్పడం కింది ఉద్యోగికి ఎంత కష్టమో ఏ కార్యాలయంలో పనిచేసినవారికైనా తెలుసు. అందుకే ప్రవేశాల సిబ్బంది నిజాయితీని వారి వ్యక్తిగత ధైర్యానికి వదిలేయడం మాకు సబబుగా తోచదు. ఎవరు, ఏ అభ్యర్థి గురించి, ఎప్పుడు మాట్లాడారో నమోదు చేయడం తప్పనిసరి అయితే ఆ నమోదే ఉద్యోగికి రక్షణ అవుతుంది. తన మాట రికార్డులోకి ఎక్కుతుందని తెలిసిన పెద్దమనిషి ఫోన్ చేయడానికి వెనకాడతాడు.

మన దేశంలో సూత్రాలకు కొదవ లేదు. సీటు కోసం అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1992లో మోహినీ జైన్ కేసులో స్పష్టం చేసింది. ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ప్రవేశ ప్రక్రియ న్యాయంగా, పారదర్శకంగా, దోపిడీకి తావులేకుండా ఉండాలని 2005లో ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిర్దేశించింది. కొరత ఉన్నది అమలులో. మధ్యప్రదేశ్‌లో ప్రవేశ పరీక్షలు నిర్వహించే మండలి వ్యాపమ్ కుంభకోణంలో అసలు అభ్యర్థి పక్కనే జవాబులు తెలిసినవాడు కూర్చునేలా రోల్ నంబర్లు కేటాయించిన సంగతి 2013లో వెలుగులోకి వచ్చింది. అలా 2008 నుంచి 2012 వరకు వైద్య కళాశాలల్లో చేరిన 634 మంది ప్రవేశాలను సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరిలో రద్దుచేసింది. తీర్పు సరైనదే. కానీ 2008లో ఆ సీటు దక్కవలసిన విద్యార్థికి 2017లో దక్కిందేమిటి? అప్పటికి అతను మరో చదువు ముగించి మరో ఉద్యోగంలో ఉంటాడు, లేదా వైద్యవిద్య ఆశే వదిలేసి ఉంటాడు. అక్రమార్కుడి పట్టా రద్దు కావడం శిక్ష అవుతుంది కానీ నష్టపోయినవాడికి పరిహారం కాదు. ప్రవేశాల విషయంలో ఆలస్యంగా వచ్చే న్యాయం అసలు బాధితుడి ఇంటి గుమ్మం తొక్కదు. తనిఖీ ప్రవేశాలు జరుగుతున్న వారాల్లోనే జరగాలని, తరగతులు మొదలుకాకముందే ఫిర్యాదులు తేలాలని మేము పట్టుబట్టేది అందుకే.

ప్రవేశాల నిజాయితీ అంటే అనర్హులను ఆపడం ఒక్కటే కాదు, చేరబోయేవారిని మోసగించకపోవడం కూడా. విద్యార్థులను చేర్పించినందుకు తలకింత చొప్పున కమీషన్ చెల్లించడాన్ని, ప్రభుత్వ ఆర్థికసాయం పొందే విద్యాసంస్థలకు అమెరికా 1992లోనే నిషేధించింది. తలకింత అని లెక్కగట్టుకునే ఏజెంటు ఆ కోర్సు ఆ విద్యార్థికి పనికొస్తుందా లేదా అని ఆలోచించడు. ఇక చేరాక మనసు మార్చుకున్న విద్యార్థి మార్కుల జాబితా, టీసీ వంటి ఒరిజినల్ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలో ఉండిపోతే అతనికి మరో కళాశాల తలుపు తట్టే అవకాశమే ఉండదు. వాటిని అట్టిపెట్టుకోరాదని, రుసుము తిరిగి చెల్లించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో ఆదేశించిందంటే ఆ అలవాటు ఎంతగా పాతుకుపోయిందో అర్థం చేసుకోవచ్చు.

ఇంత పారదర్శకత కోరితే ఇతర అభ్యర్థుల వ్యక్తిగత వివరాలు బయటపడతాయని, సంస్థల స్వయంప్రతిపత్తికి భంగమని యాజమాన్యాలు అంటాయి. మొదటి అభ్యంతరంలో న్యాయం ఉంది. ఎవరి కుటుంబ ఆదాయమో, ఆరోగ్య పరిస్థితో వీధిన పడకూడదు. అయితే తన మార్కులు, తన ర్యాంకు, తనకు వర్తింపజేసిన కొలమానం, తన విభాగంలో చివరి సీటు ఆగిన చోటు అభ్యర్థికి చెప్పడానికి మరొకరి పేరు బయటపెట్టనక్కర్లేదు. ఇంటర్వ్యూలు, వ్యాసాలు, క్రీడా ప్రతిభ లాంటివాటిలో అంచనా వేసేవారి విచక్షణకు చోటుండాలని మేమూ అంగీకరిస్తాం. ఆ విచక్షణకు కారణం రెండు వాక్యాల్లో రాయమనడం స్వయంప్రతిపత్తిని హరించడం కాదు. నివేదికల భారం గురించి చిన్న కళాశాలలు చెప్పే మాటలో మాత్రం నిజముంది. ఒకే సమాచారాన్ని విశ్వవిద్యాలయానికి ఒక నమూనాలో, నియంత్రణ మండలికి మరో నమూనాలో, ప్రభుత్వ శాఖకు ఇంకో నమూనాలో పంపించుకునే దుస్థితిని తప్పించి, సీటువారీ రికార్డు ఒక్కటే అందరికీ ఆధారమయ్యేలా చేయడం ప్రభుత్వాల పని.

నియంత్రణ సంస్థల తనిఖీ బృందాలు సాధారణంగా చేరినవారి ఫైళ్లు తిరగేసి వెళ్తాయి. ఈ ఏటి నుంచి వారు తిరస్కరించిన దరఖాస్తులను ముందుగా అడగాలి. వాటిలోంచి తామే కొన్నిటిని ఎంచుకుని, చివరి సీటు పొందిన అభ్యర్థి ఫైలు పక్కన పెట్టి పోల్చి చూడాలి. ఈ విద్యార్థికి రాని సీటు ఆ విద్యార్థికి ఎందుకు వచ్చిందో నిర్ణయం నాటి రాతపూర్వక కారణంతో చూపలేకపోయిన కళాశాలలో, ప్రవేశాల గడువు ముగిసేలోగానే ఆ సీటును అర్హుడికి ఇప్పించే అధికారం ఆ బృందానికి ఉండాలి.