రెండు దీవెనలు, ఒక్క పాచిక

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో, తలా ఒక పాత్ర ధరించి పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతుండగా మా బృందానికి ఒక కుర్ర ఎర్ర డ్రాగన్ ఎదురైంది. నేను ఫైటర్‌ను, అంటే కత్తి పట్టే యోధుణ్ణి; నాతోపాటు ఇద్దరు క్లెరిక్‌లు (మంత్రాలు వేసే పూజారులు), ఒక బార్డ్ (పాటగాడు) ఉన్నారు. ఆట నడిపించే డంజన్ మాస్టర్ సాక్షాత్తూ మా బావమరిది. మొదటి రౌండ్‌లోనే క్లెరిక్‌లిద్దరూ ఒకరి వెంట ఒకరు బ్లెస్ మంత్రం వేశారు. మొదటి స్థాయిలో వేస్తే అది ముగ్గురికి మించి అందదు కనుక ఇద్దరూ తమను, నన్ను ఎంచుకుని బార్డ్‌ను గాలికి వదిలేశారు. బ్లెస్ పడినవాడు దాడి చేసినప్పుడల్లా నాలుగు ముఖాల పాచిక ఒకటి అదనంగా వేసి కలుపుకోవచ్చు. రెండు బ్లెస్‌లకు రెండు పాచికలని మేము పైకే లెక్క కడుతుంటే బావమరిది విన్నాడు, తలాడించాడు, మిరపకాయ బజ్జీ నములుతూ ఊరుకున్నాడు.

డ్రాగన్ ఆర్మర్ క్లాస్ 18, అంటే నా దాడి మొత్తం కనీసం అంత వస్తేనే దెబ్బ తగులుతుంది. నా ఇరవై ముఖాల పెద్ద పాచిక మీద 8 పడింది, నా దాడి బోనస్ మరో 8, వెరసి 16. ఇక క్లెరిక్‌లు చెరొకటి ఇచ్చిన ఎర్ర, ఆకుపచ్చ పాచికలను కలిపి విసిరాను. నాలుగు ముఖాల పాచిక దొర్లదు. పడ్డచోటే మొన పైకి పెట్టుకుని కూర్చుంటుంది. పైముఖం అన్నది లేనందున కొన్నింటికి అంకెను మొన దగ్గర చదవాలి, కొన్నింటికి అడుగంచున చదవాలి. మా ఎర్రది మొదటి జాతి, ఆకుపచ్చది రెండో జాతి. నలుగురమూ గడ్డాలు బల్లకు ఆనించి, ఒక కంటితో కొనను, మరో కంటితో అంచును పరిశీలించి, చివరికి ఎర్రది 3, ఆకుపచ్చది 1 అని తేల్చాము. మొత్తం 20. నేను లేచి నిలబడి, కత్తి దూసినట్టు చేయి ఎత్తాను.

"బావగారూ, ఒక్క నిమిషం," అన్నాడు బావమరిది.

2014 నాటి నియమావళిలో, మంత్రాల అధ్యాయం చివర, వేర్వేరు మంత్రాల ఫలితాలు కలుస్తాయనీ, ఒకే మంత్రాన్ని ఎందరు వేసినా ఫలితం ఒక్కటేననీ ఉందట. పెళ్లిలో ఇరువైపుల పురోహితులూ ఒకే మంత్రం చదివినంత మాత్రాన రెండు పెళ్లిళ్లు అయిపోవని ఉదాహరణ కూడా చెప్పాడు. సరే, వాటిలో బలమైనదే చెల్లుతుందని అదే పుస్తకం అంటోంది కదా, 3 తీసుకుంటే 19 అవుతుంది, నా దెబ్బ తగులుతుంది అన్నాను. బలం మంత్రానిదే తప్ప పడిన అంకెది కాదట. రెండు బ్లెస్‌లూ సమానమేనట. సమానమైనప్పుడు దేన్ని లెక్కించాలని నిలదీస్తే, ఏడాదిగా 2014 పుస్తకంతోనే ఆడిస్తున్న ఈ పెద్దమనిషి, అప్పటికప్పుడు లోపలి గదిలోంచి 2024 పుస్తకం తెచ్చి, చివరగా వేసినదే చెల్లుతుందన్న వాక్యాన్ని జిడ్డువేలితో చూపించాడు. చివరగా వేసింది ఆకుపచ్చ పాచిక ఇచ్చిన క్లెరిక్. పదహారూ ఒకటీ పదిహేడు.

రెండో క్లెరిక్ బ్లెస్‌కు బదులు షీల్డ్ ఆఫ్ ఫెయిత్ వేసి ఉంటే, పేరు వేరు గనుక, ఎవరో ఒకరి ఆర్మర్ క్లాస్ నిక్షేపంగా 2 పెరిగేది. ఆ ముక్క మంత్రం వేసేటప్పుడు చెప్పడానికి ఆ నోట్లో బజ్జీ అడ్డొచ్చింది.

తర్వాత డ్రాగన్ నిప్పు ఊదింది. ఆరు ముఖాల పాచికలు పదహారు గలగలమన్నాయి. క్లెరిక్‌లిద్దరూ తప్పుకోగలిగినా చెరి 28 పాయింట్ల నష్టం తగిలింది. బ్లెస్ నిలవాలంటే దాన్ని వేసినవారి ఏకాగ్రత చెదరకూడదు. అందుకు పాచిక వేసి నష్టంలో సగం, లేదా 10, ఏది ఎక్కువైతే అంత తెచ్చుకోవాలి, అంటే 14. ఉన్నది ఒక్క బ్లెస్సే కదా, ఒక్కరు పాచిక వేస్తే చాలదా అని అడిగాను.

"అదెలా కుదురుతుంది బావగారూ! మంత్రాలు రెండు కదా, ఇద్దరూ విడివిడిగా వేయాల్సిందే," అన్నాడు.