కంప్రెసర్ కడుపు కింది డ్రైన్ వాల్వుకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ డ్రైన్ వాల్వు గారి సముఖమునకు,

నల్లగొండ నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, మోటర్ క్షేమం, బెల్టు క్షేమం, గేజి ముల్లు క్షేమం, గాలి ట్యాంకు అడుగున చేరిన నీళ్లను బయటికి వదిలే నీ సంగతే ఎవ్వరికీ తెల్వదు, ఎందుకంటే నిన్ను చూడాలంటే నేల మీద బోర్ల పండుకోవాలె, గంత ఓపిక మా ఊర్ల ఎవ్వరికీ లేదు. గారు గీరు అంటే నీకే నవ్వొస్తది కాబట్టి ఇగ నువ్వు అనే రాస్త, ఏమనుకోకు.

ఇంట్ల కంప్రెసర్ ఉన్నోని బతుకు నీకు ఎరుకే కదా. షెడ్డుల మోటర్ డబడబా మొదలైందో లేదో గల్లీల ఉన్న స్కూటీలన్నిటికీ అప్పుడే గాలి తగ్గుతది. "అన్నా జెర గాలి కొట్టవా" అని ఒకడు, "కూలర్ జాలీల దుమ్ము ఊదియ్యరాదే" అని ఇంకొకామె, పోరగాండ్లయితే ఆ గాలి ఊదే గన్ను పట్టుకొని ఒకని మీద ఒకడు ఊదుకునుడు (గది ఆట కాదు, ఆ గాలి ఒంట్లకు పోతే పాణం తీస్తది, నా షెడ్డుల మాత్రం గన్ను పిల్లల చేతికి ఇయ్య). వచ్చినోళ్లందరూ గన్ను చూస్తరు, గేజి చూస్తరు, "ఎన్ని హెచ్‌పీ, ఎన్ని లీటర్లు, ఎంతకు పడ్డది" అని అడుగుతరు. "నీళ్లు ఎప్పుడు తీసినవ్" అని అడిగినోడు ఇప్పటిదాకా ఒక్కడు లేడు. నీళ్లేంది అంటరు, గాలి మిషన్ల నీళ్లు ఎందుకుంటయి అంటరు.

ఎందుకుంటయంటే, గేజి మీద 8 బార్ ప్రెషర్ కావాలంటే బయట తొమ్మిది లీటర్ల జాగల ఉండే గాలిని ఒక్క లీటర్ల కుక్కాలె. గాలి అణుగుతది గానీ దాంట్ల ఉన్న తేమకు అంత జాగల ఆవిరిగ ఉండనీకి వీల్లేదు, ట్యాంకు చల్లగయినకొద్దీ నీళ్లయి నీ నెత్తి మీదికి దిగుతది. 30 డిగ్రీల వేడిల ఒక క్యూబిక్ మీటర్ గాలి 30 గ్రాముల దాకా ఆవిరిని మోస్తది, 100 లీటర్ల ట్యాంకు ఒక్కసారి నిండాలంటే దగ్గర దగ్గర అంత గాలే మింగాలె, ఇగ ఆగస్టు ముసురుల రోజంతా మోటర్ ఆగుకుంట మొదలుకుంట నడిస్తే ఎన్ని నీళ్లో నువ్వే లెక్క కట్టుకో. మే నెలల గాలే ఎండి ఉంటది కాబట్టి నీకు జెర రికాం.

నాకు కోపం ఎక్కడ వస్తదంటే, నల్లగొండ జిల్లల నీళ్లు కనిపెట్టినోనికి ఎంత మర్యాద ఉండాలె! ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జిల్లా ఇది. నాగ్‌పూర్ల ఉన్న నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ సైంటిస్టులు పటిక, సున్నం తోటి ఆ ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టిండ్రు, 2015ల వాటర్ గ్రిడ్ అని చౌటుప్పల్ల పైలాన్ లేపిండ్రు. నువ్వేమో పటిక లేకుంట, సున్నం లేకుంట, కృష్ణ నీళ్ల కోసం ఏ ట్రిబ్యునల్ కాడికీ పోకుంట, ఉత్త గాలిల కెళ్లి నీళ్లు పిండి మా కాళ్ల కాడ పెడుతున్నవ్. నీకు పైలాన్ లేదు, శిలాఫలకం లేదు, ఆఖరికి నీ ముంగట ఓ ప్లాస్టిక్ డబ్బా పెట్టే దిక్కు లేదు. మా అమ్మ ఒక్కతే నిన్ను గుర్తు పట్టింది, "ఉత్తగ పారబోస్తవేందిరా, మల్లెచెట్టుకన్న పొయ్యరాదు" అన్నది. దగ్గరికి తెచ్చి చూపెట్టిన, పాలెక్కువైన చాయ్ రంగు, మీద ఆయిలు తేలుకుంట, అడుగున ఎర్రటి తుప్పు రజను. "ఛీ, తీసెయ్" అన్నది. మోరీల గూడ పొయ్యొద్దు, పాత ఆయిల్ డబ్బాల కలపాలె, గది వేరే కథ.

మా బామ్మర్దిది మిర్యాలగూడ దిక్కు. ఆయనకూ ఓ కంప్రెసర్ ఉన్నది, దసరకు దానికి పసుపు కుంకుమ పెడతడు, నిమ్మకాయ కడతడు, గుమ్మడికాయ కొడతడు, నిన్ను మాత్రం ముట్టడు. వానకాలంల బుల్లెట్ బండి ట్యాంకుకు నల్ల పెయింట్ కొట్టిపిచ్చుకున్నడు, గన్ను మంచిగ పోసుకుంట పోసుకుంట నడుమల టుప్పుమని నీళ్లు ఉమ్మింది, పొద్దుగాల చూస్తే అద్దం లెక్క రావాల్సిన పెయింట్ మీద సన్న సన్న బొబ్బలు. ఆయన పెయింటర్‌ను తిట్టిండు, పెయింటర్ థిన్నర్‌ను తిట్టిండు, థిన్నర్ అమ్మినోడు ముసురును తిట్టిండు. నీ పేరు అక్కడ గూడ ఎవ్వడూ ఎత్తలే! నట్లు ఇప్పే ఇంపాక్ట్ గన్ను సంగతీ అంతే, పైపు పెట్టే కాడ నాలుగు చుక్కలు ఎయిర్ టూల్ ఆయిల్ వేసి నడపాలె, వేసిన ఆయిల్‌ను ఈ నీళ్లు కడిగి పారేస్తయి, లోపల తిరిగే రెక్కలు (వేన్లు) తుప్పు పట్టి అతుక్కుంటయి, అప్పుడు "చైనా మాల్ బావా" అంటడు.

పెయింట్ పోతే మళ్ల కొట్టొచ్చు. ట్యాంకు సంగతి అట్ల కాదు. నీళ్లు అడుగునే నిలుస్తయి కాబట్టి రేకు అడుగునే పలుచనయితది, బయట నీలం పెయింట్ నిగనిగ, లోపల అప్పడం. "సేఫ్టీ వాల్వు ఉన్నది కదన్నా" అని ధైర్యం చెప్తరు. అరె, సేఫ్టీ వాల్వు ప్రెషర్ ఎక్కువైతే ఊదుతది గానీ రేకు సన్నబడ్డదని దానికెట్ల తెలుస్తది, రోజూ ఉండే 8 బార్ కాడనే పగిలితే అది తీరుబడిగ చూసుకుంట కూసుంటది. కింద సూది మొనంత బొక్క పడి సుయ్యిమంటే మన తెలివి ఇంకా ముదురుతది, మీద ఎంసీల్ పూసుడు, లేకుంటే వెల్డింగ్ చుక్క పెట్టిపిచ్చుడు. ఒక్క బొక్క పడ్డదంటే చుట్టుపక్కల రేకంతా అదే హాలత్‌ల ఉన్నట్టు, ఆ ట్యాంకు ఇగ పాత ఇనుపోనికే.

ఇంకో ఇచ్చంత్రం విను. ట్యాంకు గట్టిదో కాదో పరీక్ష పెట్టేది నీళ్ల తోటే, లోపల నిండ నీళ్లు పోసి మామూలు కంటె ఎక్కువ ప్రెషర్ ఎక్కిస్తరు, నీళ్లు గాలి లెక్క అణగవు కాబట్టి పగిలినా కారి ఊకుంటది, అదే గాలైతే షెడ్డు రేకులు లేస్తయి. నీళ్లతోటే పాస్ అయితది, నీళ్లతోటే పోతది. అందుకే సెకండ్ హ్యాండ్ల కొనేటోళ్లకు నాదొక్కటే మాట, మోటర్ సౌండ్, బెల్టు, కొత్త పెయింట్ తర్వాత చూడుండ్రి, ముందుగాల గాలి కొంచెం మిగిలేటట్టు దించి ఈ డ్రైన్ వాల్వును తిప్పుమనుండ్రి, ఎర్ర పెచ్చులు రాలినయా, నమస్తే పెట్టి రాండ్రి. అసలు తిరగనే తిరగలేదంటే బేరం గూడ ఆడకుండ్రి.

అయితే తప్పంతా మాదే అని మురువకు, నీ తాన గూడ ఉన్నది. గోరంత రెక్క పెట్టుకొని, పోయి పోయి రెండు చక్రాల నడుమ, ట్యాంకు పొట్ట కింద కూసుంటివి. సెల్ టార్చ్ నోట్ల పట్టుకొని, చెంప బండలకు ఆనిచ్చి, చెయ్యి లోపలికి తోలి నిన్ను తిప్పితే మొదటి పిచికారి సీదా మొకం మీదికే. ఫుల్ ప్రెషర్ల ఇప్పినోనికి ఇంకా మంచి అభిషేకం. ఒకటి రెండు బార్లకు దించి, నిదానంగ తిప్పి, నీళ్లు పోయి ఉత్త గాలి వచ్చేదాకా ఆగి, రాత్రికి తెరిచే పెట్టాలె అని ఎక్కడన్న రాసి పెట్టినవా? నీకు పైన స్టిక్కర్ మీద హెచ్‌పీ మాత్రం మూరెడు అక్షరాలల్ల ఉంటది.

కాబట్టి నేనే ఓ ఫైసల చేసిన. ఒక ఎల్బో, జానెడు జీఐ పైపు, చివరన ఇత్తడి బాల్ వాల్వు, అన్నీ క్లాక్ టవర్ కాడ హార్డ్‌వేర్ షాపుల తీసుకున్న. షాపాయన పీవీసీ అయితే సస్త అన్నడు, పీవీసీ గాలి ప్రెషర్‌కు పగిలితే పెంకులు పెంకులయి కండ్లల్ల కుచ్చుతది, వద్దన్న. ఆదివారం ప్లగ్గు పీకి, గాలంతా సున్నకు దించి, పెద్ద పానా పట్టుకొని వస్త. నిన్ను ఇప్పి పక్కకు పెట్టి ఆ పైపును బయటికి గుంజుతా. ఇన్నేండ్ల కోపం ఏమన్న ఉంటే నా మీద తీర్చుకో గానీ థ్రెడ్డు మీద చూపెట్టకు, గది తెగిందనుకో మనిద్దరం సామాన్ల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా పోవాలె.

ఇట్లు,
నీ కింద బోర్ల పండుకున్నోడు