చారు చిక్కగా ఉండాలని ఎవరు చెప్పారండీ?

ఈ మధ్య పెళ్లి భోజనాల్లో బకెట్‌తో తెచ్చి వడ్డిస్తుంటే చూస్తున్నాను, చారు గరిటెలోంచి జారనంటోంది. ఉడికిన పప్పంతా మెదిపి పోసేస్తున్నారు, పైగా టమాటా గుజ్జు, బెల్లం. అడిగితే "చిక్కగా ఉంటేనే కదండీ రుచి" అంటారు. చిక్కగా కావాలంటే పప్పుచారు ఉంది, సాంబారు ఉంది. ములక్కాడలేసి శుభ్రంగా చేసుకోండి, నేనూ రెండు గరిటెలు ఎక్కువే వేయించుకుంటాను. దాన్ని తెచ్చి చారు అనకండి, అంతే.

చారుకి కావాల్సింది పప్పు కాదు, పప్పు కట్టు. గుప్పెడు కందిపప్పులో నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, కాసేపు కదపకుండా వదిలేస్తే పప్పు అడుక్కి దిగి పైన పల్చటి తేట నిలుస్తుంది. అది వంచుకోవాలి. మిగిలిన పప్పు ఎక్కడికీ పోదు, ఉప్పేసి మెదిపి నెయ్యి వేసుకుంటే ముద్దపప్పు. టైమ్ లేదంటారా? కుక్కర్ ఆవిరి దిగేలోపు చింతపండు పిసికేసుకోవచ్చు.

ఇక మరిగించే పిచ్చి ఒకటి. చింతపండు రసం, టమాటా, పసుపు, ఉప్పు, కరివేపాకు కలిపి పచ్చివాసన పోయేదాకా మరిగించండి, ఎవరూ కాదనరు. కట్టు పోసి, దంచిన మిరియాలూ జీలకర్రా వేశాక మాత్రం మంట తగ్గించాల్సిందే. అంచుల చుట్టూ నురుగు కట్టి, మధ్యకి పాకి, పైకి లేవబోతుంటే దింపెయ్యాలి. మిరియాల ఘాటు పోదు గానీ వాసన ఆవిరితో పాటే లేచిపోతుంది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం, గిన్నెలో ఉండాల్సింది గాల్లోకి పోతోందని మాత్రం తోచదు.

ఎప్పుడో ఆడించి డబ్బాలో పోసిన పొడికీ అదే గతి. ఒక చెంచా మిరియాలు, ఒక చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు తొక్కతోనే రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచడానికి ఎంతసేపు పడుతుంది? (వెల్లుల్లి వేస్తే ఇంగువ వద్దని మా ఇంట్లో ఒక వర్గం. నేను ఆ వర్గమే.)

అన్నట్టు, రీల్స్ చూసి చారు కాచడానికి తగరం గిన్నెలు కొంటున్నవాళ్లకి ఒక మాట. తగరం 232 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద పెడితే అడుగు ఊడి చేతికొస్తుంది. ముందు నీళ్లు పోసి, అప్పుడు వెలిగించండి. పోపు వేరే గరిటెలో పెట్టుకోండి.

తెలంగాణ పచ్చిపులుసుని చూడండి. పొయ్యే ఎక్కదు, నీళ్లలా ఉంటుంది, ఉల్లిపాయ ముక్కలు తేలుతుంటాయి. చిక్కగా లేదేంటని ఎవరైనా అడిగారా? మరి చారు మీదే ఎందుకీ కక్ష?

రాత్రికి మిగిలితే మళ్లీ తెర్లించకండి, సెగ తగిలితే చాలు. అడుగున చేరిన మిరియాల పొడిని ఒకసారి కలిపి పోసుకోండి, పక్కన అప్పడం ఉంటే ఇంకేం అక్కర్లేదు.